మీ వదిన ఊళ్లో తీర్థం ఎప్పుడు?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర ఒక పల్లెటూరు. పెళ్లయి చెన్నై వచ్చి పదిహేడేళ్లయింది. విల్లివాక్కంలో ఉంటున్నాం. కరోనా రెండేళ్లు తప్ప, వేసవి సెలవుల్లో పుట్టింటికి వెళ్లని ఏడు లేదు. వైశాఖ పౌర్ణమికి మా ఊళ్లో అమ్మవారి తీర్థం. అక్క వాళ్లు హైదరాబాదు నుంచి వస్తారు. అందరం డాబా మీద చాపలు పరుచుకొని అర్ధరాత్రి దాకా బాణసంచా చూడటం మా ఇంటి ఆనవాయితీ. నాన్నగారు పోయి రెండేళ్లయింది. డాబా మీద ఆయన మడత కుర్చీ అలాగే ఉంది, అందులో ఎవరూ కూర్చోవడం లేదు. ఈ ఏడు మే 1న తీర్థం జరిగింది. పదిహేనేళ్ల మా అమ్మాయి డాబా ఎక్కనే లేదు. "పొగ, చప్పుడు, కుక్కలకు నరకం, నేను చూడను" అంది. తొమ్మిదేళ్ల అబ్బాయి మొదటి ఔటుకే చెవులు మూసుకొని ఏడ్చాడు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్ మధ్యలోనే పెట్టేశాడు. మా వారు "వచ్చే ఏడు ఊటీ వెళదాం" అంటున్నారు. వదిన కూడా మునుపటిలా లేదు, ముభావంగా ఉంటోంది. అమ్మకు 74 ఏళ్లు. మానేస్తే ఆమె తట్టుకోలేదు. వెళితే నేనొక్కదాన్నే అందరినీ ఈడ్చుకుపోతున్నట్టు ఉంది. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మా డాబా గుర్తొచ్చి కాసేపు ఏ పనీ చేయలేకపోయాను. రెండోసారి పెన్సిలు పట్టుకొని చదివాను. మీ అమ్మాయి ఎందుకు రాలేదో రాశారు. అబ్బాయి ఎందుకు ఏడ్చాడో రాశారు. మీ వారికి ఏం కావాలో రాశారు. ఖాళీ కుర్చీ గురించి కూడా రాశారు. వదిన దగ్గరికి వచ్చేసరికి "ముభావంగా ఉంటోంది" అని ఆపేశారు. కారణం లేదు. పిల్లల సంగతి తరువాత చూద్దాం. నాకు ముందు ఆ ముభావంతోనే పని ఉంది.

"మా ఇంటి ఆనవాయితీ" అన్నారు. కాదనను, మీరు పుట్టిన ఇల్లు. కానీ నాన్నగారు లేరు, అమ్మకు 74 ఏళ్లు. ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది మీ వదిన. మీరు నలుగురు, అక్క వాళ్లు, అన్నయ్య కుటుంబం, అమ్మ, అందరూ కలిస్తే పూటకు పన్నెండు విస్తళ్లకు తగ్గవు. తీర్థం రోజు పక్క ఊళ్ల చుట్టాలు వేరే. పొద్దున్న పెసరట్లు ఒకరి తరువాత ఒకరికి పెనం మీంచి వేడిగా దిగాలి. మధ్యాహ్నానికి పనసపొట్టు కూర ఉండాలి, లేకపోతే వేసవిలో పుట్టింటికి వచ్చినట్టే ఉండదు. సాయంత్రం మగవాళ్లు తాటి ముంజల గెలలు తెచ్చి గుమ్మంలో విజయగర్వంతో పడేస్తారు. వలిచి, పళ్లెంలో పెట్టి, డాబా మీదికి మోసుకొచ్చేది ఎవరో మీరే చెప్పండి.

ఆ పైన ఆవకాయ. సెలవులు అయిపోయాక మీ సామానులో ఒక జాడీ ఎక్కుతుంది కదా? దాని వెనక కథ మీకు తెలియనిది కాదు, కాకపోతే చేసి ఎన్నాళ్లయిందో ఒకసారి గుర్తు చేసుకోండి. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు నీళ్లలో వేసి, కడిగి, ఒక్కొక్కటీ తడి లేకుండా తుడవాలి. టెంకతో సహా కొట్టించాలి. ప్రతి ముక్కలోంచీ జీడి తీసి, టెంకను అంటుకొని ఉండే పలుచని పొరను గోటితో లాగి, మళ్లీ పొడిబట్టతో తుడవాలి. ఒక్క ముక్కకు తడి తగిలినా జాడీ అంతా బూజు. ఆవపిండి ఘాటుకు కళ్లు మండుతూ ఉంటాయి. మూడు ఇళ్లకు మూడు జాడీలు. ఇదంతా తీర్థం హడావిడి తెమిలీ తెమలక ముందే.

మీరు సాయం చేయరని నేను అనడం లేదు. చేస్తారు. కానీ పుట్టింటికి వచ్చిన ఆడపడుచు చేసే సాయం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. కూరగాయలు తరుగుతూ కబుర్లు చెబుతాం. మధ్యలో ఎవరో పిలిస్తే కత్తిపీట అక్కడే వదిలేసి వెళ్లిపోతాం. తిరిగి వచ్చేసరికి కూర ఉడికి ఉంటుంది.

నేనూ ఇరవై ఏళ్ల పైన ఇలాంటి ఆడపడుచునే. మాదీ తీర్థం జరిగే ఊరే, అదీ వైశాఖ పౌర్ణమికే. చిన్న ఊరు కనుక చందాలూ చిన్నవే. నాలుగు మతాబులు, పది చిచ్చుబుడ్లు, ఒక కట్ట తారాజువ్వలు, చివర ఔట్లు. అరగంటలో అయిపోయేది. అసలు సరదా ఆ తరువాత మొదలయ్యేది. కాలువ అవతల పెద్ద ఊళ్లో కూడా అదే రాత్రి తీర్థం. మా డాబా మీంచి వాళ్ల జువ్వలు కనిపించేవి. ఆకాశంలో ఎర్రటి పువ్వు విచ్చుకొనేది. చప్పుడు ఉండదు. "ఊఁ, లెక్కపెట్టండి" అనేవారు నాన్న. ఒకటి, రెండు, మూడు అని పిల్లలందరం గొంతు కలిపేవాళ్లం. పువ్వు విచ్చుకొని, వాలి, బూడిదరంగు చారికగా మిగిలాక, ఆరు దగ్గర ఎక్కడో గోదాం తలుపు వేసినట్టు "ఢబ్" మని వినిపించేది. వెలుగు అప్పటికప్పుడే కంటికి చేరుతుంది. చప్పుడు మాత్రం గాలిలో సెకనుకు 340 మీటర్ల చొప్పున నడిచి రావాలి. మూడు లెక్కలకు ఒక కిలోమీటరు. ఆరు అంటే రెండు కిలోమీటర్లు. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళితే నాలుగు, నేరుగా చూస్తే రెండే. నాన్న బడిపంతులు కాదు, ధాన్యం కమీషను వ్యాపారి. ఈ లెక్క ఆయనకు ఎవరు చెప్పారో అడగాలని ఆయన ఉన్నన్నాళ్లూ తోచలేదు.

మా అన్నయ్యకు ఆ అవతలి ఊరి అమ్మాయినే చేశారు. నాన్న పోయిన తరువాత ఒక వేసవి, ఎప్పటిలాగే అందరం డాబా మీద లెక్కపెడుతున్నాం. వదిన ముంజల పళ్లెం తెచ్చి పెట్టి, కొంగుతో మెడ తుడుచుకొని, పిట్టగోడ పక్కన నిలబడింది. మేము "నాలుగు, ఐదు" అంటుండగా "ఆరు" అని తనే ముందు అనేసింది. అని, "ఆ రెండు కొబ్బరిచెట్ల మధ్య నుంచి లేస్తోందే, అది మా బాబాయి వాళ్ల వీధి. మా తీర్థం చూసి పందొమ్మిదేళ్లయింది" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. చాకలి పద్దు చదివినట్టు చదివి, ఖాళీ పళ్లెం తీసుకొని కిందికి దిగిపోయింది.

రెండు కిలోమీటర్లు! అమెరికా కాదు, హైదరాబాదు కూడా కాదు. మేము వస్తున్నాం కాబట్టి ఆమె వెళ్లలేదు. ఆమె కూడా ఒక ఇంటి ఆడపడుచే. తన పుట్టింటి డాబా మీద కూర్చోవలసిన రాత్రి, ఏటా మాకు వదినగా గడిపింది. పందొమ్మిదేళ్లు తన ఊరి తీర్థాన్ని మా ఇంటి నుంచే చూసింది, చప్పుడు ఆరు లెక్కలు ఆలస్యంగా వినిపిస్తుండగా.

కాబట్టి మీకు నా మొదటి ప్రశ్న ఇది. మీ వదిన పుట్టిల్లు ఎక్కడ? ఆమె వేసవిలో అక్కడికి ఎప్పుడు వెళుతుంది? వాళ్ల ఊళ్లో తీర్థమో జాతరో ఎప్పుడు? ఈ మూడింటికీ వెంటనే జవాబు తోచకపోతే, ఆ ముభావానికి కారణం వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

ఆమెకు ఫోను చేయండి. కుటుంబ వాట్సాప్ బృందంలో పెట్టకండి. అక్కడ పెడితే అది సభలో తీర్మానం అయిపోతుంది, ఆమె "మీ ఇష్టం" అని చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటుంది. అన్నయ్య ద్వారా కూడా అడిగించకండి. "మీ వదినకేం ఇబ్బంది లేదు" అని ఆయన వంటింటి వైపు తల కూడా తిప్పకుండా చెప్పేస్తారు. అన్నయ్యలందరూ ఈ ఒక్క విషయంలో ఒకే బళ్లో చదివినట్టు ఉంటారు. మీరే చేసి, "వదినా, వచ్చే ఏడు మేము రావాలా వద్దా అనేది నువ్వే చెప్పాలి. వస్తే ఎన్ని రోజులు, వంట ఎవరు, అన్నీ నువ్వు చెప్పినట్టే" అనండి. మొదటిసారి ఆమె నమ్మదు. "అదేమిటి, మీరు రాకపోవడమేమిటి" అంటుంది. అది మర్యాద, జవాబు కాదు. వారం ఆగి మళ్లీ చేయండి.

మేము ఏం చేశామో చెబుతాను. మరుసటి ఏడు తీర్థం నాటి పొద్దున్నే వదినను, అన్నయ్యను బండెక్కించి అవతలి ఊరు పంపించేశాం. వంట అక్కా నేనూ చేశాం. బూరెల పూర్ణం పలచబడి నూనెలోకి జారింది. పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది. మా అమ్మ పల్లెత్తు మాట అనలేదు, రెండుసార్లు మంచినీళ్లు అడిగింది అంతే. తరువాతి ఏటి నుంచి తీర్థం మూడు రోజులకూ వంటమనిషిని పెట్టుకొని, ఖర్చు ముగ్గురం పంచుకుంటున్నాం. ముందే ఎందుకు చేయలేదు అంటే, అమ్మ ఒప్పుకోదనుకున్నాం. అడిగితే వెంటనే ఒప్పుకొంది.

ఇక్కడే మీ అమ్మగారి సంగతి. "మానేస్తే తట్టుకోలేదు" అని రాశారు. ఆమె మీతో ఈ మాట అన్నారా, మీరే అనుకుంటున్నారా? 74 ఏళ్ల మనిషి, భర్త పోయిన ఇంట్లో, ఆయన కుర్చీ ఖాళీగా ఉన్న డాబా మీదికి రాత్రిపూట మెట్లెక్కి రావడం నిజంగా ఆమె కోరికేనా? పిల్లలు బాధపడతారని ఆమె, అమ్మ బాధపడుతుందని మీరు, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎక్కుతూ ఉండవచ్చు. ఆ కుర్చీ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఎవరూ కూర్చోని కుర్చీని అందరూ తప్పించుకొని నడుస్తారు. మీ అబ్బాయిని అందులో కూర్చోబెట్టండి, లేదా మీరు కూర్చోండి.

ఇప్పుడు తేదీలు. మీ వాళ్లు ఈ ఏడు చిరాకు పడటానికి పంచాంగానికి కూడా వాటా ఉంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి తిథి ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు వస్తుంది. రెండు మూడేళ్లకు ఒకసారి అధికమాసం వచ్చి మళ్లీ వెనక్కి నెడుతుంది. 2026లో అధికమాసం వైశాఖం అయ్యాక జ్యేష్ఠంలో వచ్చింది, కనుక ఈ ఏడు పౌర్ణమి మే 1కే పడింది. చెన్నైలో బళ్లు మూసీ మూయగానే మీరు పరుగెత్తి ఉంటారు. పిల్లలకు ఊపిరి పీల్చుకొనే తీరిక కూడా ఉండి ఉండదు. 2027లో వైశాఖ పౌర్ణమి మే 20. సెలవులు నడుమకు వస్తుంది. అయితే అప్పటికి కర్తరి నడుస్తూ ఉంటుంది. మీ ఎదురింటి తమిళులు కత్తిరి అనేదీ అదే, మే 4 నుంచి 28 దాకా. పన్నెండు మందికి ఆ ఎండల్లో ఒక్క వంటింట్లో ఒక్క మనిషి వండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇంక నేను చెప్పను. రైలు టికెట్ల రిజర్వేషను 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే మొదలవుతోంది, మునుపటిలా 120 కాదు. మీరు ఎగ్మూరులో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారైతే మార్చి మూడో వారంలో మేలుకొని ఉండాలి. ఆ లోపు వదిన జవాబు రావాలి కదా, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను.

మీ అబ్బాయి భయం దగ్గరికి వద్దాం. "మగపిల్లాడివి, ఏడుస్తావేమిటి" అని ఎవరైనా అని ఉంటే, వాళ్లకు నా తరఫున ఒక చీవాటు. మన దేశంలో టపాకాయల చప్పుడుకు పెట్టిన హద్దే 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. ఊరి ఔట్లు ఆ హద్దును చూసి పేలవు. ఆ చప్పుడుకు చెవులు మూసుకోవడం చెవులు సరిగ్గా ఉన్న పిల్లవాడు చేయవలసిన పనే. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే గుడి ముందు వీధి వదిలి రెండు మూడు వీధులు వెనక్కి జరిగితే చాలు, అదే బాణసంచా వేరే సంగతి అయిపోతుంది. మీ ఇల్లు గుడికి దగ్గరైతే ఊరి చివర చుట్టాల డాబా ఏదైనా చూసుకోండి. దగ్గరగా నిలబడటంలో భక్తి ఎక్కువేమీ లేదు. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కేరళలో పరవూరు పుట్టింగల్ దేవి గుడిలో ఉత్సవ బాణసంచా నిల్వకు నిప్పంటుకొని వందమందికి పైగా చనిపోయారు.

దూరంగా కూర్చోబెట్టి, లెక్క నేర్పండి. చప్పుడు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన పిల్లవాడు దానికి ఉలిక్కిపడడు, దాని కోసం ఎదురుచూస్తాడు. చెవులకు అడ్డంగా చేతులు పెట్టుకొనే లెక్కపెడతాడు, పెట్టుకోనివ్వండి. రంగుల సంగతి కూడా చెప్పండి. ఎరుపుకు స్ట్రాన్షియం, పసుపుకు సోడియం, నీలానికి రాగి, ఆకుపచ్చకు బేరియం. తొమ్మిదేళ్ల వయసులో ఇలాంటివి ఒకసారి వింటే చాలు, పక్కవాళ్లకు చెప్పకుండా ఉండలేరు.

ఆ బేరియం దగ్గరే మీ అమ్మాయి కాచుకొని ఉంటుంది. టపాకాయల్లో బేరియం లవణాలు వాడకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మరి తీర్థంలో ఆ ఆకుపచ్చ పువ్వు ఎలా విచ్చుకుందని ఆమె అడిగితే, మీ ఊరి ఉత్సవ కమిటీ దగ్గర జవాబు ఉంటుందని నేను అనుకోను. పొగ గురించీ కుక్కల గురించీ ఆమె అన్నది నిజం. నిజం చెప్పినందుకు పిల్లను పొగరుబోతు కింద జమకట్టకండి. పదిహేనేళ్లకు ఒక అభిప్రాయం ఏర్పడి, దాని కోసం అందరూ నవ్వుతున్న డాబాను వదిలి కింద గదిలో ఒంటరిగా కూర్చోవడం తేలిక కాదు.

అయితే, అదొక్కటే కారణం కాకపోవచ్చు కూడా. మీ అన్నయ్య పిల్లలు, అక్క పిల్లలు ఎంత వాళ్లయ్యారో మీరు రాయలేదు. ఆమె ఈడు వాళ్లు కాలేజీ హాస్టళ్లకు వెళ్లిపోయి, డాబా మీద పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ మాత్రమే మిగిలి ఉంటే, ఆమెకు అక్కడ పక్కన కూర్చొనే మనిషి లేదు. మన చిన్నప్పుడు మనం డాబా ఎక్కింది బాణసంచా కోసమేనా? పెద్దనాన్న కూతురితో దుప్పటి కింద దూరి గుసగుసలాడటానికి కదా? తన స్నేహితురాలిని ఒకరిని వెంట తీసుకొస్తానంటే తీసుకురానివ్వండి. ఫోనుతో రాత్రి ఆకాశం ఫోటోలు తీసే ఆసక్తి ఉంటే, దాన్ని పిట్టగోడ మీద కదలకుండా నిలబెట్టి, మూడు నాలుగు సెకన్లు తెరిచి ఉంచేలా పెడితే జువ్వ లేచిన దారి అంతా గీతలా పడుతుంది. ఇవేవీ వద్దంటే గదిలోనే ఉండనివ్వండి. పొద్దున్న అమ్మమ్మ పక్కన కూర్చొని తలకు నూనె పెట్టించుకుంటే ఆ ఏడుకు ఆమె వాటా తీరినట్టే.

మీ వారి ఊటీ. పదిహేడేళ్లలో పదిహేను వేసవులు అత్తగారింటి డాబా మీద గడిపిన మనిషి ఇప్పుడు ఊటీ అంటున్నారంటే, నాకు ఆయన మీద గౌరవమే కలిగింది. తీసుకెళ్లండి. రాత్రి చెన్నైలో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మేట్టుపాళయం, అక్కడి నుంచి పళ్ల చక్రాల కొండ రైలు. సొంత కారులో వెళితే మాత్రం 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశం ప్రకారం ఈ-పాస్ తీసుకోవాలి. అత్తగారింటికి అయితే పాస్ అక్కర్లేదని నవ్వుకోవద్దు, ఆ పాస్ ఇచ్చేది మీ వదినే అని ఇప్పటిదాకా చెప్పుకొచ్చాం. ఒక ఏడు తీర్థం, ఒక ఏడు ఊటీ అనుకుంటే ఆకాశమేమీ విరిగిపడదు. ఊటీ ఏడు మీ వదినకు వేసవి సెలవులు.

మీ తమ్ముడి గురించి చెప్పేదేమీ లేదు. మన రాత్రి డల్లాస్‌లో పొద్దున్న. ఆఫీసుకు బయలుదేరే వేళ చిన్న తెరలో ఆవగింజంత నిప్పురవ్వలు ఎంతసేపు చూస్తాడు?

అమ్మ వెలితి పడకుండా ఉండాలంటే ఆమెనే చెన్నై పిలవండి. ఈ ఏడు దీపావళి నవంబరు 8, ఆదివారం. మీరు ఉన్న ఊళ్లో దీపావళికి ఒక సొగసుంది, పదిహేడేళ్లుగా చూస్తూ మీరు గమనించడం మానేసి ఉంటారు. తమిళులకు పండగ తెల్లవారుజామునే. నువ్వులనూనె తలంటు, కొత్తబట్టలు, అల్లం ఘాటు కొట్టే దీపావళి లేహ్యం, వాకిట్లో మొదటి సరం. మనకేమో సాయంత్రం అమావాస్య చీకటి పడ్డాక దివ్వెలు, మతాబులు. ఈసారి చతుర్దశి తెల్లవారుజాము, అమావాస్య సాయంత్రం రెండూ ఆ ఒక్క రోజులోనే పడ్డాయి. తమిళనాడులో కొన్నేళ్లుగా టపాకాయలు కాల్చడానికి పొద్దున్న 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8 అని సమయం పెడుతున్నారు. ఎవరు ఎంత పాటిస్తారో పక్కన పెడితే, మీ ఇంటికి ఈ రెండు గంటలూ అతికినట్టు సరిపోతాయి. పొద్దున్నది ఎదురింటి వాళ్లది, సాయంత్రానిది మీది. అమ్మను బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. "గంగాస్నానం ఆచ్చా?" అని ఎదురింటి మామి పలకరిస్తే ఆమె ఏం జవాబు చెబుతారో వినాలని నాకే ఉంది. పిల్లలు కాకరపువ్వొత్తులు వెలిగిస్తే నూలు బట్టలు వేయండి, కాలిన కడ్డీలు నేల మీద పడేయకుండా నీళ్ల బకెట్‌లో వేయించండి. చేయి కాలితే పేస్టూ సిరా పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద పెట్టండి.

అమ్మ చెన్నైలో ఉన్న ఆ పది రోజులూ మీ అన్నయ్య, వదిన ఎక్కడికి వెళతారో వాళ్లను అడగకండి.

తీర్థం మాట మాత్రం ఇప్పుడే అడగండి. వదినకు ఫోను మధ్యాహ్నం మూడు దాటాక చేయండి. అంతకుముందు ఆమెకు వంటింట్లో పని తెమలదు.